పన్నెండు గంటలకు నీడ లేదు

మొన్న సోమవారం పొద్దున మా పాత కంపెనీ వాళ్లు తమ పేజీలో ఆమె ఫోటో పెట్టారు. చుట్టూ బూడిదరంగు అంచు, కింద కొవ్వొత్తి బొమ్మ. "సైన్సును ప్రతి బడికీ చేరువ చేసిన మా ప్రియమైన నిపుణురాలు ఇక లేరు" అని రాశారు. "మా ప్రియమైన" దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. మెడ పట్టి గెంటినంత పని చేసి నాలుగేళ్లు కావస్తోంది. ఇప్పుడు ప్రియమైన!

ఆ ఫోటో తీసింది నేనే. ఒక సర్కారు బడి ఆవరణలో తీశాను. అసలు ఫోటోలో ఆమె చుట్టూ ముప్పైమంది పిల్లలున్నారు. వాళ్లందరినీ కత్తిరించేశారు. ఆమె కుడిచెయ్యి ఒక పిల్ల భుజం మీద ఉండాలి. ఇప్పుడు ఏ ఆసరా లేకుండా గాల్లో ఆగి ఉంది. కింద నూట అరవై మంది దండాలు పెట్టారు. ఆ దండాలు పెట్టినవాళ్లలో ఆవిడ వెళ్లిపోయిన రోజు లిఫ్టు దాకా కూడా రానివాళ్లు ఎంతమందో నాకు తెలుసు. వాళ్లలో నేనూ ఒకతెను.

ఆమె పేరు రాయను. రాస్తే ఆ ఫోటో పెట్టినవాళ్లకు ఇంకో ప్రచారమవుతుంది. ఆఫీసులో అందరం మేడం అనే పిలిచేవాళ్లం, ఇక్కడా అలాగే ఉండనిస్తాను.

కొండాపూర్‌లో ఒక అద్దాల భవనం ఏడో అంతస్తు మా ఆఫీసు. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి దాకా సైన్సు పాఠాలు తయారుచేసి బడులకు అమ్మడం మా పని. ఒక్కో పాఠాన్ని యూనిట్ అనేవాళ్లం. ఏ తరగతి అయ్యేసరికి పిల్లలకు ఏమేం వచ్చి ఉండాలో ప్రభుత్వం రాసిపెట్టిన జాబితా ఉంటుంది. దాన్ని స్టాండర్డ్స్ అంటారు. ప్రతి యూనిట్ ఆ జాబితాలోని ఏదో ఒక అంశానికి కట్టుబడి ఉండాలి. అలా ఉంటూనే, ఏ బడికి ఆ బడి తన చుట్టుపక్కల ఉన్నదాన్ని బట్టి పాఠాన్ని మార్చుకునే వీలుండాలి. ఆ వీలుకు మావాళ్లు పెట్టిన పేరు ఫ్లెక్సిబుల్. అట్ట మీద పెద్ద అక్షరాలతో అచ్చువేసేవాళ్లు. ఆ మాటను నిజంగా నమ్మిన మనిషి ఆ అంతస్తులో ఆమె ఒక్కరే.

వికారాబాద్ వైపు సర్కారు బడుల్లో సైన్సు చెప్పి రిటైరయ్యాక మా దగ్గర చేరారు. నేను ప్రొద్దుటూరు నుంచి వచ్చి, ఎమ్మెస్సీ చేసి, అక్కడ ఎడిటర్‌గా ఉన్నాను. ఆమె రాసినవి దిద్దడం నా ఉద్యోగం. మొదటి వారంలోనే ఆ వరస తిరగబడింది.

ఆవిడ మనిషి పొడుగు. నేత చీర కింద తెల్లటి స్పోర్ట్స్ షూ. మెడలో ఐడీ కార్డు ఎప్పుడూ వెనక్కి తిరిగి ఉండేది. మాట్లాడేటప్పుడు బొటనవేలూ చూపుడువేలూ సుద్దముక్క పట్టుకున్నట్టు దగ్గరికొచ్చేవి. కోపం వస్తే ఆ వేళ్లు గాల్లో గీతలు గీసేవి. మమ్మల్నందరినీ "బిడ్డా" అనేవారు. మా డైరెక్టర్‌ను మాత్రం "సార్" అనేవారు, ఆ సారు వయసు ఆమె పెద్దకొడుకంత ఉండేది. మీటింగుల్లో ఎవరైనా 'కంటెంట్' అంటే చెవి దగ్గర దోమ వాలినట్టు చెయ్యి విసిరేవారు. "కంటెంట్ ఏంది? పాఠం అను. నోరు నొస్తదా?"

నేను రాసిన వాక్యం ఒకదాని మీద మొదటిసారి వేలు పెట్టిన రోజు గుర్తుంది. "నీటికి రంగు, రుచి, వాసన ఉండవు" అని రాశాను.

"ఎవలు చూసిండ్రు బిడ్డా?" అన్నారు.

"అందరికీ తెలిసిందే కదా మేడం."

"మా బస్తీల ట్యాంకర్ వస్తది. ఆ నీళ్లకు మూడూ ఉంటయ్. గా బస్తీల పిల్ల గిది చదివితే ఏమనుకోవాలె? మా ఇంట్లకు వచ్చేటివి నీళ్లే కాదనుకోవాలెనా?"

 ఆమె నా కీబోర్డు తనవైపు లాక్కుని ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టారు: "మీ ఇంటికి వచ్చే నీళ్లు ఒక గ్లాసులో పట్టి చూడు. రంగుందా? వాసనుందా? ఉంటే అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎలా తెలుసుకుంటావు?" జాబితాలో ఉన్న అంశం అదే, అణువంత కూడా తప్పలేదు. కానీ పాఠం మాత్రం పుస్తకంలోంచి లేచి ఆ పిల్ల ఇంట్లోకి నడిచివెళ్లింది.

"ఎవలు చూసిండ్రు?" అన్నది ఆ తర్వాత రోజుకు పదిసార్లు వినేదాన్ని. చలికాలంలో ఆకులు రాలతాయని రాస్తే, అవతల రోడ్డు మీద చెట్ల దాకా తీసుకెళ్లి ఏ చెట్టు ఎప్పుడు ఆకు రాల్చిందో సెక్యూరిటీ గార్డును అడిగించారు. ఆయన రోజూ పన్నెండు గంటలు ఆ చెట్ల ఎదురుగా నిలబడే మనిషి. మాకు తెలియనిది ఆయనకు తెలిసింది.

ఏ ప్రయోగమైనా పాఠంలోకి ఎక్కాలంటే ముందు యాదమ్మ దగ్గర నెగ్గాలి. యాదమ్మ మా అంతస్తులో హౌస్‌కీపింగ్ చేసేది, నాగర్‌కర్నూల్ వైపు మనిషి, నాలుగో తరగతి దాకా చదువుకుంది. మధ్యాహ్నం భోజనాలయ్యాక మేడం టీలు కాచే గదిలో ఆమెను కూర్చోబెట్టి, పాఠం కార్డు చేతికిచ్చి, తాను గోడకు ఆనుకుని నిలబడేవారు. ఒక్క మాట సాయం చేసేవారు కాదు. యాదమ్మ చదివి, అర్థం చేసుకుని, చేసి చూపిస్తే పాఠం ఒప్పు. ఎక్కడైనా తడబడితే, "తప్పు నీది కాదు, మాది" అని కార్డు వెనక్కి తీసుకుని నా మొహాన కొట్టేవారు.

పసుపు నీళ్లలో సబ్బు కలిపే ప్రయోగం రోజున యాదమ్మ కార్డు చూసి నవ్వింది. "పసుపు మరకకు సర్ఫ్ వెడితే ఎర్రగైతది మేడం. నాకు చిన్నప్పటి సంది ఎర్కే."

"ఎందుకైతదో ఎన్నడన్న అడిగినవా?"

"ఎవలనడగాలె?" అంది యాదమ్మ.

మేడం ఆమె చేతిలోంచి కార్డు తీసుకున్నారు.  తర్వాత నాతో, "ముప్పై ఏండ్లు పాఠం చెప్పిన. గీ ఒక్క మాటకు జవాబు లేదు నా దగ్గర" అన్నారు. ఆ సాయంత్రం ఆ యూనిట్ మొత్తం చింపి మళ్లీ రాశారు.

ఏడో తరగతి కోసం ఆమె రాసిన పాఠాల్లో ఒకటి నీడ గురించి. చాలా చిన్నది. ఆవరణలో ఎండ పడేచోట ఒక కట్టె నిలబెట్టాలి. పొద్దున తొమ్మిది నుంచి మూడు దాకా గంటగంటకూ దాని నీడ కొలిచి రాయాలి. ఎందుకు మారిందో సొంతమాటల్లో చెప్పాలి. పాఠం చివర ఉపాధ్యాయుల కోసం అర పేజీ రాశారు. మీ బడి చుట్టూ ఏముందో బట్టి కొలతలు మారతాయి. మబ్బు ఉండొచ్చు, గోడ ఉండొచ్చు. పిల్ల తాను చూసింది రాసి, దానికి కారణం చెప్పగలిగితే పూర్తి మార్కులు వెయ్యండి. ఇదీ దాని సారాంశం.

ఆ అర పేజీ నా టేబుల్ మీదికి వచ్చిన రోజే డైరెక్టర్ వచ్చి నిలబడ్డాడు. జవాబులు దిద్దేది సాఫ్ట్‌వేర్. పిల్లల కాగితాలను ఫోటో తీసి పంపితే అది చదివి మార్కులు వేస్తుంది. దానికి ప్రతి ప్రశ్నకూ ఒక జవాబు ముందే ఇవ్వాలి.

"ఇంత వ్యాసం దానికి ఎక్కదండి. ఒక్క లైన్‌లో కుదించెయ్యండి" అన్నాడు.

కుదించాను. "మధ్యాహ్నం పన్నెండు గంటలకు నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉంటుంది." ఏ పుస్తకంలో చూసినా ఉండే మాటే. ఒక నిమిషం కూడా పట్టలేదు. ఆమెకు చెప్పాలని అనిపించలేదా అంటే, అనిపించింది. చెబితే గొడవవుతుందని ఊరుకున్నాను.

డిసెంబరులో ఆ పాఠాన్ని పరీక్షించడానికి నార్సింగి వైపు ఒక సర్కారు బడికి వెళ్లాం. ఒకప్పుడు ఊరి చివర ఉన్న బడి. ఇప్పుడు దక్షిణం వైపు గోడ అవతలే ముప్పై ఎనిమిది అంతస్తుల అపార్టుమెంటు లేస్తోంది. బడి పిల్లల్లో సగం మంది ఆ కట్టడం మీద పనిచేసేవాళ్ల పిల్లలు. మిగిలినవాళ్లు డ్రైవర్ల పిల్లలు, వాచ్‌మన్ల పిల్లలు.

టేపు పట్టుకునే పని ఒక సన్నటి పిల్లకు దక్కింది. రెండు జడలు, మోచేతి దాకా మడిచిన స్వెటర్. వాళ్ల నాన్న ఆ అపార్టుమెంటులోనే సెంట్రింగ్ పని చేస్తాడని హెడ్మాస్టరు చెప్పారు. తొమ్మిదికి కొలిచారు, పదికి కొలిచారు. పదకొండు దాటాక గోడ వైపు నుంచి ఒక పెద్ద నీడ నేల మీద పాకుతూ వచ్చింది. పిల్లలు అరుచుకుంటూ దాని అంచు వెంట పరిగెత్తారు. పన్నెండయ్యేసరికి ఆవరణ మొత్తం ఆ అపార్టుమెంటు నీడలో ఉంది. చలి వేసింది. కట్టె ఒక్కటీ మధ్యలో నిలబడి ఉంది, దానికి నీడ లేదు.

టేపు పట్టుకున్న పిల్ల కట్టె చుట్టూ తిరిగి చూసింది. "మేడం, కట్టె నీడ యాడ వోయింది?"

"నువ్వే చెప్పు. యాడ పోయింది?"

పిల్ల తలెత్తి పైకి చూసింది. "గా బిల్డింగ్ సూర్యున్ని అడ్డం వట్టింది. ఎండ లేకుంటే కట్టెకు నీడెట్లొస్తది?"

"రాయి" అన్నారు మేడం.  "గట్లనే రాయి."

పిల్ల నేల మీద బాసింపట్టు వేసుకుని రాసింది. నేను వెనకనుంచి చదివాను. "పన్నెండు గంటలకు నీడ లేదు. మా బడికి దక్షిణం దిక్కు పెద్ద బిల్డింగ్ ఉంది. సూర్యుడు దాని వెనకకు పోయిండు. బిల్డింగ్ లేకుంటే నీడ చిన్నగా ఉండేదేమో."

అప్పుడే ఫోటో తీశాను. మేడం చెయ్యి ఆ పిల్ల భుజం మీద ఉంది.

వెనక్కి వస్తూ ఆటోలో ఆమె నా మోకాలు చరిచారు. "చివరికి 'ఏమో' అన్నది, చూసినవా? చూసింది చూసినట్టు రాసింది. చూడనిదానికి 'ఏమో' పెట్టింది. గా 'ఏమో' పెట్టుడు ఎవలు నేర్పాలె బిడ్డా? మన ఆఫీసుల ఒక్కరికన్న వస్తదా?" దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నారు. నాకు మాత్రం నేను కొట్టిన ఆ ఒక్క వాక్యం గుర్తొస్తూనే ఉంది. అప్పుడైనా చెప్పొచ్చు. మర్నాడు సాఫ్ట్‌వేర్‌లో ఆ వాక్యం మార్చొచ్చు. రెండూ చెయ్యలేదు. జవాబుల పట్టికకు ఆమోదముద్ర పడిపోయింది, మళ్లీ తెరవాలంటే డైరెక్టర్‌కు ఎందుకో చెప్పాలి. అదీ నా సాకు.

ఆ తర్వాత జరిగింది మా ఇద్దరికీ రెండు నెలల దాకా తెలియదు. అందుకే అది తెలిసిన తీరు ఇంకా మండుతుంది.

ఫిబ్రవరిలో పెద్ద మీటింగు. ప్రైవేటు బడుల యజమానులు వచ్చారు, మా పాఠాలు కొనాలా వద్దా అని చూడ్డానికి. డైరెక్టర్ తెర మీద పైన ఆ ఒక్క లైను జవాబు, దాని కింద రెండు నిలువు గీతలు చూపించాడు. మొదటిది సున్నా. రెండోది పైకప్పు దాకా ఉంది.

"నగరం అంచున ఒక గవర్నమెంటు బడి అండి. పేద పిల్లలు. మొదటిసారి నీడ యూనిట్‌లో ఒక్కరు కూడా స్టాండర్డ్ అందుకోలేదు. మా రిపోర్టు చూసి బడిలో మళ్లీ బోధించారు. రెండు వారాల్లో నూటికి నూరు శాతం. మా యూనిట్ల బలం అది."

చప్పట్లు కొట్టారు.  సున్నా వచ్చింది నేను కొట్టిన వాక్యం వల్ల. ముప్పైమంది పిల్లలూ కళ్లతో చూసింది రాస్తే, యంత్రం ముప్పైమందినీ కొట్టేసింది. మిగతాది తర్వాత తెలిసింది. ఆ బడికి మావాళ్లు "ఈ పిల్లలు తరగతి స్థాయిలో లేరు" అని కాగితం పంపారు. విద్యాశాఖ పై ఆఫీసు నుంచి హెడ్మాస్టరుకు అక్షింతలు పడ్డాయి. పాపం ఆయనేం చేస్తారు, సరైన జవాబు బోర్డు మీద రాశారు. పిల్లలు రబ్బరుతో తాము రాసింది తుడిచి, బోర్డు మీదిది దించుకున్నారు. తాము చూడని నీడ గురించి, చూసినట్టు రాశారు. ఆ అబద్ధానికి నూటికి నూరు. దాన్ని తెర మీద వేసి, అభివృద్ధి అని పేరు పెట్టి, అమ్మకానికి పెట్టారు.

 కళ్లతో చూసింది తుడిపించి పక్కవాడు చెప్పింది రాయించడానికి సైన్సు ఎందుకు? ఆ పని చెయ్యడానికి లోకంలో ఇంకెన్ని పాఠాలు లేవు!

వెనక వరసలోంచి మేడం లేచారు.

"సార్, గా మొదటి సున్నా ఎందుకొచ్చిందో చెప్పిండ్రా వీళ్లకు?"

"మేడం గారూ, తర్వాత మాట్లాడుకుందాం అండి."

"ఇప్పుడే మాట్లాడాలె. కొనేటోళ్లు ఈడ ఉన్నరు. ఆ బడి మీద పన్నెండు గంటలకు ఎండ వడదు. పిల్లలు నీడ లేదని రాసిండ్రు, ఎందుకు లేదో కూడ రాసిండ్రు. గంతకన్న ఏం గావాలె మీ స్టాండర్డ్‌కు? జాబితాల ఏమున్నది, చదువుతా వినుండ్రి. నీడ కొలిచి, మార్పుకు కారణం చెప్పవలె అని ఉన్నది. పొట్టిగుంటదని రాయాలె అని యాడుంది?"

డైరెక్టర్ నవ్వుతూనే ఉన్నాడు. "ఒక్క బడి కోసం ఆన్సర్ కీ మార్చలేం కదండి. వేల బడులకు స్కేల్ చెయ్యాలి."

"మరి అట్ట మీద ఫ్లెక్సిబుల్ అని ఎందుకేసిండ్రు? ఎవలికి ఫ్లెక్సిబుల్?" అప్పటికి ఆమె గొంతు పెరిగింది, మర్యాద తగ్గింది. "నువ్వు రా. నా ఎంబడి రా సార్. ఇప్పుడే పోదాం, గంట తొవ్వ. పన్నెండు గంటలకు ఆ కట్టె కాడ నిలవడి నీడ సూపియ్యి. సూపిస్తే నేను జీతం లేకుండ పనిచేస్త."

 ఒక బడి యజమాని ఫోన్ తీసుకుని చూసుకోవడం మొదలుపెట్టాడు.

అప్పుడామె నావైపు తిరిగారు. "నువ్వు ఉన్నవ్ గద బిడ్డా ఆడ. నువ్వు చూసినవ్ గద. జెప్పు."

గదిలో అందరి తలలూ తిరిగాయి. డైరెక్టర్ కూడా చూశాడు. నేను లాప్‌టాప్‌లోకి చూశాను. అందులో ఏముందో ఇప్పుడు గుర్తులేదు.  ఎంతసేపో తెలియదు, ఆమె వేచి ఉన్నారు. నాకోసం అంతసేపు ఎవరూ అలా వేచి ఉండలేదు. చివరికి బ్యాగు తీసుకుని, మెడలోంచి కార్డు తీసి కుర్చీ మీద పెట్టి, తలుపు తీసుకుని వెళ్లిపోయారు. నన్ను ఒక్క మాట అనలేదు. అని ఉంటే బాగుండేది.

వెంట వెళ్లింది యాదమ్మ ఒక్కతే. లిఫ్టు దాకా వెళ్లి, ఏడుస్తూ తిరిగొచ్చింది.

మర్నాడు ఒక మెయిల్ వచ్చింది, వ్యక్తిగత కారణాల వల్ల ఆమె మా నుంచి తప్పుకున్నారని. ఆమె పాఠాలు మాత్రం తప్పుకోలేదు. పేరు తీసేసి అవే అచ్చువేశారు. నీడ పాఠం చివర ఉన్న అర పేజీ పోయింది. ఆ స్థానంలో, "సమయం చాలకపోతే కట్టె పని వదిలేసి వీడియో చూపించవచ్చు" అని చేరింది. ఫ్లెక్సిబుల్ అంటే వాళ్లకు తెలిసిన అర్థం అంతే. ఆ వాక్యాన్ని దిద్దింది కూడా నేనే. ఇంకో ఏడాదిన్నర అక్కడే ఉద్యోగం చేసి, మెరుగైనది దొరికాక మారాను. కోపంతో మానలేదు. ఆ గొప్ప చెప్పుకోవడానికి నాకు హక్కు లేదు. ఆమె నంబరు ఫోన్‌లో ఉంది. ఒక్కసారీ చెయ్యలేదు.

సోమవారం ఆ ఫోటో చూశాక సెలవు పెట్టి వాళ్లింటికి వెళ్లాను. గోపన్‌పల్లిలో రెండు గదుల ఇల్లు. ముందు షామియానా వేసి ఉంది, కొన్ని కుర్చీలు. వచ్చినవాళ్లలో టై కట్టుకున్నవాళ్లు లేరు. ఎక్కువమంది ఒకప్పటి ఆమె విద్యార్థులు. యాదమ్మ ఒక మూల కూర్చుని ఉంది. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చింది.

మంచినీళ్ల గ్లాసులు పట్టుకొచ్చిన పిల్లను చూసి మొదట గుర్తుపట్టలేదు. పొడుగైంది. ఒకటే జడ. ఇంటర్ మొదటి సంవత్సరం అట, ఎంపీసీ.

"మీరు ఆ కంపెనీ మేడం గద. ఫోటో తీసిండ్రు మమ్మల్ని" అంది.

పక్కన కూర్చోబెట్టుకున్నాను. తానే చెప్పింది. ఫిబ్రవరి నుంచి ఏడో తరగతి సెలవుల దాకా మేడం ప్రతి శనివారం రెండు బస్సులు మారి ఆ బడికి వచ్చేవారట. ఎవరూ పిలవలేదు, ఎవరూ డబ్బివ్వలేదు. మొదటి శనివారం వచ్చి పిల్లల ముందు నిలబడి, "మీరు రాసిందే నిజం. తప్పు మేం చేసినం" అన్నారట. తర్వాత ఆ అపార్టుమెంటు ఎత్తెంతో నీడతోనే కనుక్కుందామన్నారట.

"మా నాయిన బిల్డింగ్ అడుగుకాంచి గోడ దాక కొలిచిండు. నేను ఇవుతల గోడకాంచి బడి వెనక రోడ్డు మీద నీడ కొస దాక కొలిచిన. రెండూ కలిపినం. గదే టైముకు ఎండల మీటరు కట్టె నీడ ఎంతుందో చూసినం" అంటూ వేళ్లతో గాల్లో గీసింది. "లెక్క జేస్తే ముప్పై ఏడు అంతస్తులొచ్చింది. మా నాయిన ముప్పై ఎనిమిది అన్నడు. ఒక అంతస్తు యాడ తప్పిందో మేడం చెప్పలే. నువ్వే దేవులాడు అన్నది. మూడు శనివారాలు దేవులాడిన."

"దొరికిందా?"

"ఆ. రోడ్డు మెరకల ఉన్నది. నేల సమంగ లేదు." మొహం ఒక్క క్షణం వెలిగి, లోపలి గదివైపు చూసి ఆరిపోయింది.

మళ్లీ నావైపు తిరిగి అడిగింది. "మేడం, ఆ రోజు మీటింగుల మీరు ఉన్నరంట గద. మేడం అడిగితే మీరెందుకు చెప్పలే? నేను మేడంను అడిగిన. ఆమె మనసుల ఏముందో నేను చూడలే, ఆమెనే అడుగు అన్నది."

నా గురించి చెడ్డగా చెప్పడానికి ఆమెకు అన్ని విధాలా హక్కుంది. చూడలేదు కాబట్టి చెప్పలేదు.

"చెప్పలేకపోయానమ్మా" అన్నాను. "భయపడ్డాను. మీకు సున్నా వచ్చిన ఆ జవాబు కూడా నేనే రాసిపెట్టాను. మేడంకు కూడా చెప్పకుండా."

యాదమ్మ చప్పున నావైపు తిరిగింది. పిల్ల చాలాసేపు నన్ను చూసింది. కోపం ఉందేమో, నాకు కనబడలేదు.

"మా చెల్లె ఇప్పుడు ఏడు" అంది. "అదే బడి. గా నీడ పాఠం డిసెంబర్ల వస్తది వాళ్లకు. ఇప్పుడన్న చెప్తరా?"

మంగళవారం కంపెనీకి రాశాను. మీ అభిప్రాయానికి కృతజ్ఞతలు, సంబంధిత బృందానికి పంపాం అని గంటలోపే జవాబు వచ్చింది. మనిషి రాసింది కాదు. బుధవారం విద్యాశాఖ పై ఆఫీసుకు రాశాను. దానికి ఆ మాత్రం జవాబు కూడా లేదు. గురువారం బడికే వెళ్లాను. జరిగిందంతా ఒక కాగితం మీద రాసి తీసుకెళ్లాను. ఆ ఏడాది ఏడో తరగతి పిల్లలు రాసింది సరైనదని, జవాబుల పట్టికలో తప్పు వాక్యం రాసింది నేనని, ఈసారి పిల్లలు చూసింది చూసినట్టు రాస్తే దాన్ని తుడిపించొద్దని.

అప్పటి హెడ్మాస్టరే ఉన్నారు. జుట్టు బాగా నెరిసింది. కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివారు.

"మీరు ఇప్పుడు ఆ కంపెనీల లేరు గదమ్మా. ఈ కాగితం చెల్లుతదా?"

"తెలియదు సార్. నా సంతకం మాత్రం పెట్టాను."

ఆయన కాగితం మడిచి బల్ల సొరుగులో పెట్టారు. మళ్లీ తీశారు. ఈసారి హాజరు పుస్తకంలో ఏడో తరగతి పేజీ దగ్గర పెట్టి మూశారు. కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, నన్ను చూడకుండా అన్నారు.

"ఆ పొద్దు నేను బోర్డు మీద రాస్తుంటే ఆ టేపు పట్టిన పిల్ల లేచి, 'సార్, మనం చూడలేదు గద' అన్నది. కూసో అని గద్దించిన. ఈ కాగితం అప్పుడు నా చేతుల ఉంటే గద్దించకపోదును మేడం."